మహమ్మారి కాలమున బాలసదనములు

తల్లిదండ్రుల నీడలో పెరుగు బిడ్డకు చుట్టును ఎందరో ఉందురు. మేనమామ వచ్చి పలుకరించును. పొరుగింటి అవ్వ ముఖము వాడియున్నదేమని అడుగును. రెండు దినములు బడికి రాకున్నచో పంతులుగారు కబురు పంపుదురు. బిడ్డకు వచ్చిన కష్టము ఎవరో యొకరి కంటబడక మానదు. బాలసదనములలో పెరుగు పిల్లలకు ఈ చుట్టరికము లేదు. దానిని చట్టమే సమకూర్పవలసి వచ్చినది.

2015 నాటి బాలల న్యాయచట్టము ననుసరించి అట్టి పిల్లల మంచిచెడ్డలు విచారించునది బాలల సంక్షేమ సమితి. అందు అధ్యక్షుడు గాక నలుగురు సభ్యులుందురు. ఒకరైనను స్త్రీ కావలెను. సదనమునకు వైద్యుడు వచ్చును. పిల్లల మనసు తెలిసికొని ధైర్యము చెప్పు కౌన్సిలరు వచ్చును. చదువు చెప్పువారు వత్తురు. వీరిలో పెక్కుమంది వెలుపలినుండి వచ్చిపోవువారే. అయినను వారిని తక్కువగా చూడరాదు. అన్నము చాలుచున్నదా, ఎవరైన కొట్టుచున్నారా, రాత్రివేళ ఏడ్పెందులకు అను ప్రశ్నలకు లోపలివారి యెదుట చెప్పలేని జవాబును బిడ్డ వీరితోనే చెప్పుకొనును.

2020 మార్చి 25 నుండి దేశమంతట లాక్‌డౌను అమలులోనికి వచ్చెను. పలువురు పిల్లలు ఒకే గదిలో పండుకొను చోట తలుపులు మూయక తప్పదు. ఆ భయము వట్టిది కాదు. ఆ యేటి జూన్ నెలలో చెన్నైలోని రాయపురమున నొక ప్రభుత్వ సదనములో 35 మంది పిల్లలకు కోవిడ్ సోకినది. కాని రోగమును ఆపు తలుపే కౌన్సిలరును కూడ ఆపును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

ఈ చిక్కును సుప్రీంకోర్టు ముందుగనే గుర్తించినది. ఎవరును దావా వేయకుండగనే, తనంతట తానుగా విచారణ చేపట్టి, 2020 ఏప్రిల్ 3న ఉత్తర్వు లిచ్చినది. తెలుగువారైన జస్టిస్ లావు నాగేశ్వరరావు, జస్టిస్ దీపక్ గుప్తా ఆ ధర్మాసనమున నుండిరి. సదనములన్నిటికిని కౌన్సిలర్ల నేర్పాటు చేయవలెననియు, ఇండ్లకు పంపిన పిల్లల క్షేమమును టెలిఫోనులో కనుగొనుచుండవలెననియు, సిబ్బందిని వంతులవారీగా నియమించి రాకపోకలు తగ్గింపవలెననియు, అక్కరకు ఆదుకొనుటకు శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకులను సిద్ధపరచుకొనవలెననియు వారు చెప్పిరి. నిర్బంధమువలనను రోగభయమువలనను కలుగు ఆందోళనలో పిల్లలపై హింస, లైంగిక హింస సైతము, పెరుగవచ్చునని హెచ్చరించిరి.

టెలిఫోను మంచి సాధనమే. కాని అది వార్డెను చేతిలో నున్నప్పుడు, ఆమె ప్రక్కనే నిలిచియున్నప్పుడు, “బాగున్నావా అమ్మా?” అను ప్రశ్నకు “బాగున్నానండీ” అనుటకంటె బిడ్డ ఏమనగలదు? కౌన్సిలరు ఎదుట నున్నచో వంచిన తలను చూచును, తడబడు మాటను పట్టుకొనును. కావున దూరమునుండి మాట్లాడునప్పుడు బిడ్డకు ఏకాంతము కల్పించుట మొదటి పని. మాట్లాడువారు మాటిమాటికి మారకుండుట రెండవది. ఎరిగిన గొంతుతోనే గదా పిల్లలు గోడు చెప్పుకొందురు!

ఇండ్లకు పోయిన పిల్లల సంగతి మరియొకటి. మహమ్మారి మొదలైనపుడు దేశమందలి సదనములలో 2,27,518 మంది పిల్లలుండగా, వారిలో 1,45,788 మందిని కుటుంబములకు చేర్చిరని 2020 డిసెంబరు 15 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు తెలుపుచున్నది. పేదరికమువలన సదనము చేరిన బిడ్డను మరల ఆ పేదరికమునకే పంపినచో చదువెట్లు సాగును? కావున తలిదండ్రుల ఆర్థికస్థితి ననుసరించి, జిల్లా బాలల పరిరక్షణ విభాగముల సిఫార్సుపై, చదువు నిమిత్తము నెలకు 2,000 రూపాయలు ఇవ్వవలెనని న్యాయస్థానము ఆదేశించినది. సదనములలో మిగిలిన పిల్లలకు పుస్తకములను, తగినంతమంది ఉపాధ్యాయులను సమకూర్చుమన్నది.

ఉపాధ్యాయులారా, ఈ వెలుపలి బంధువులలో మీరును ఒకరు. బాలసదనమునుండి వచ్చు పిల్ల మీ తరగతిలో నున్నచో, ఆమెను ప్రతిదినము చూచు బయటివారు మీరే కావచ్చును. మరల ఎన్నడైన తలుపులు మూయవలసివచ్చినచో, ఆమెతో ఎవరు మాట్లాడుదురు, ఏ దినమున, ఎవరి ఫోనులో అను సంగతి సదనమువారితో ముందే నిర్ణయించుకొనుడు. విద్యార్థులారా, ప్రక్కబల్లపై కూర్చుండు నేస్తము ఖాళీచేసిన చోటును గమనింపుడు. కారణము మీ పంతులుగారి నడుగుడు. రోగమును బయట నిలుపుట అవసరమే. కాని బిడ్డ మొర వినువారు మాత్రము బయట నిలిచిపోరాదు.