విజయనగర పురరచన: అరుగు, రచ్చ, చదురు

ఇంట గెలిచి రచ్చ గెలువుమనునది తెలుగువారి లోకోక్తి. ఇందలి రచ్చ యను పదము సంస్కృతమందలి రథ్యాశబ్దమునకు వికృతి. రథ్య యనగా రథములు పోదగిన వీధి. తెలుగున నీ పదము వీధి నుండి జనులు గుమిగూడు చోటికిని, అచ్చటి నుండి తగవు తీర్చు సభకును వ్యాపించినది. రాకపోకలకై యేర్పడిన దారియే తెలుగువారి వాడుకలో సభాస్థలమైనది. ఊరి నడుమ చెట్టు క్రిందనుండు రచ్చబండయు, రచ్చకెక్కుట యను నానుడియు నీ పరిణామమునకు సాక్ష్యములు.

ఇట్టివే మరికొన్ని మాటలు కలవు. కూడలి యను పదము కూడు ధాతువు నుండి పుట్టినది. దారులు కూడిన చోట జనులును కూడుదురు. చదురు అనగా సభ, కొలువు. అరుగు అనగా ఇంటి ముంగిట వీధివైపున కట్టిన తిన్నె. ఇల్లు వెడలిన మనుజుడు మొదట కూర్చుండునది అరుగు. నాలుగడుగులు సాగి పదుగురిని కలిసికొనునది రచ్చ. ఊరెల్ల నొక్కటిగా కూడునది చదురు. ఈ మూడును వరుసగా నుండి, ఒకదానినుండి మరియొకదానికి నడచిపోవ వీలైన యూరియందే యిరుగుపొరుగు పొత్తు నిలుచును. ఈ పొందికను నేటికిని కన్నులార చూడదగిన పట్టణము ఉత్తరాంధ్రమందలి విజయనగరము. తుంగభద్రాతీరమందలి రాయల రాజధాని వేరు, పూసపాటివారి యీ పట్టణము వేరు.

పూసపాటి రాజులు తొలుత కుమిలిలో నుండిరి. అచ్చటి నుండి తరలివచ్చి 1713లో నీ కోటకు పునాది వేసిరి. విజయదశమినాడు, జయవారమని పేరుగల మంగళవారమున, శంకుస్థాపన జరిగెనని స్థానికులు చెప్పుదురు. కోట చతురస్రము, మూలల బురుజులు, నగారాఖానా యని ప్రసిద్ధికెక్కిన ప్రధానద్వారము కలవు. కోట రాజులది, ఊరివారు కలిసికొనుటకు కట్టినది కాదు. ఆ కలయికకు తగిన తావులు కోటవెలుపల, వీధులలోను, చెరువుగట్లమీదను ఏర్పడినవి. 1958లో పి. వి. జి. రాజు మాన్సాస్ సంస్థను నెలకొల్పిన పిమ్మట కోటలోపల విద్యాలయములు వెలసినవి. రాజులకై కట్టిన గోడల నడుమకు నేడు విద్యార్థులు ప్రతిదినము వచ్చిపోవుచున్నారు. కట్టడము మారకయే దాని వినియోగము మారవచ్చుననుటకు నిది నిదర్శనము.

ముందుగా అరుగును పరిశీలింపవలెను. పాతవీధులలో ఇండ్లు ఒకదానినొకటి ఆనుకొని, వీధికి ముఖము చేసి నిలిచియుండును. గుమ్మమునకు ఇరువైపుల మోకాలియెత్తున అరుగులు, వాని నెండవానల నుండి కాపాడు చూరు, చూరును మోయు స్తంభములు. ఇంతే దాని నిర్మాణము. కాని యీ యల్పనిర్మాణము చేయు పని గొప్పది. అరుగు ఇంటివాని సొత్తే యైనను దానిపై కూర్చుండుటకు బాటసారి యనుమతి యడుగడు. ఇంటివాడు తన యింట నుండియే వీధిలో నుండును. వచ్చినవాడు లోనికి రాకయే యింటికి వచ్చినట్లగును. ఆతిథ్యభారము లేని పలకరింపునకు అరుగే ఆధారము. మధ్యాహ్నము పప్పులు చెరుగుట, సాయంకాలము పిల్లల యెక్కములు, రాత్రి వృద్ధుల పురాణకాలక్షేపము, ఇన్నియు నా రెండు మూరల వెడల్పులోనే సాగెడివి. పంతులు తన అరుగుమీదనే బడి నడపుట చేత వీథిబడి యను పేరే పుట్టినది.

అయినను అరుగును గూర్చి పొగడ్త మాత్రము పలికిన సత్యము సగమే చెప్పినట్లగును. అగ్రహారపు అరుగుపై అందరును కూర్చుండలేదు. ఆ వీథిలో అడుగిడుటకే కొందరికి హక్కు లేకుండెను. కూర్చున్నవారిలోను పైయరుగు, క్రిందియరుగు అను తారతమ్యములుండెను. అరుగు ఒక వాడవారిని కలిపినది. వాడను వాడతో కలుపలేదు. ఆ పని చేయవలసినవి రచ్చయు, చదురును.

విజయనగరమున రచ్చకు ప్రసిద్ధమైన యుదాహరణము బొంకులదిబ్బ. గురజాడ అప్పారావు కన్యాశుల్క నాటకము ఈ దిబ్బమీదనే ప్రారంభమగును. ఆ నాటకము 1892లో విజయనగరముననే తొలుత ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, 1909లో పెంపొందిన రూపమున మరల వెలువడినది. నాటకకర్త తన కథానాయకుని రాజసభలో గాని, ఇంటిలో గాని మొదట నిలుపక బహిరంగస్థలమున నిలుపుట గమనింపదగినది. అప్పులవారును, పాతపరిచయస్థులును, శిష్యులును ఎవరైనను ఎదురుపడగల చోటు అది. గిరీశము వంటివానికి అట్టి చోటు ఆశ్రయమును, అపాయమును గూడ. బొంకు అనగా అబద్ధము. నలుగురు చేరి యూసుపోకకు మాటలల్లుకొను చోటికి నా పేరు తగియే యున్నది. ఊసుపోక మాటలు వ్యర్థములని తలచుట పొరపాటు. ఊరిలో నెవరికి జబ్బు చేసినది, ఎవరి పిల్లకు సంబంధము కుదిరినది, ఎచ్చట పని దొరకును అను వార్తలు పత్రికలకన్న ముందు తిరుగునది యిట్టి దిబ్బలమీదనే.

రెండవ యుదాహరణము మూడులాంతరుల కూడలి. ఒక్క కంబమునకు మూడు లాంతరులమర్చి కూడలిలో నిలుపుటచే నా చోటికి నా పేరు వచ్చినది. ఆ కంబము 1869 నాటిదని చెప్పుదురు. విద్యుద్దీపములు లేని కాలమున చీకటిపడిన తరువాత వెలుగున్న చోటే జనమున్న చోటు. దీపము దారి చూపుటయే గాక, ముఖములను చూపెడిది. ముఖము కనబడినప్పుడే పలకరింపు. 2020 మే నెలలో కూడలిని బాగుచేయు సందర్భమున నా కంబము పడగొట్టబడగా పట్టణమున పెద్ద యలజడి కలిగినది. పాతకంబము ఖరీదు స్వల్పమే కావచ్చును. కాని తరతరములుగా ఫలానిచోట కలిసికొందమని చెప్పుకొనుటకు గుర్తుగా నిలిచిన వస్తువు విలువ దాని యినుమునుబట్టియు సున్నమునుబట్టియు తేలునది కాదు. కూడలికి ఆ పేరు నేటికిని నిలిచియున్నది.

రచ్చలలో మూడవది చెరువుగట్టు. పెద్దచెరువు, అయ్యకోనేరు ఈ పట్టణమునకు నీటియాధారములుగనే గాక విహారస్థలములుగను ఉన్నవి. చల్లగాలికై గట్టెక్కినవాడు ఎవరినో యొకరిని కలియకుండ దిగడు. 1914లో భారతదేశమునకు వచ్చి చెన్నపురి రాజధానిలోని పట్టణములను పరిశీలించిన స్కాట్లండు దేశీయుడు పాట్రిక్ గెడ్డెస్ ఈ సంగతిని చక్కగా గుర్తించెను. దోమలకు భయపడి కోనేళ్లను పూడ్చుట తగదనియు, దోమపిల్లలను తిను చేపలను బాతులను వానిలో పెంచవచ్చుననియు ఆయన వాదించెను. వీధులు వెడల్పు చేయు నెపమున పాతపేటలను తెగగొట్టక, శస్త్రవైద్యుడు చెడిన భాగమును మాత్రము తొలగించునట్లు పాడుపడిన యిండ్లను మాత్రమే తీసి, ఆ ఖాళీలలో చెట్లు నాటి జనులకు కూర్చుండ చోటు కల్పింపవలెనని ఆయన మతము.

ఇక చదురు. పైడితల్లి అమ్మవారికి విజయనగరమున రెండు గుళ్లు కలవు. రైలుస్టేషనుకు చేరువనున్నది వనము గుడి. మూడులాంతరుల కడనున్నది చదురు గుడి. 1757 జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధమున విజయరామరాజు తాండ్ర పాపారాయుని చేత హతుడయ్యెను. ఆతని సోదరి పైడితల్లియే దేవతయైనదనియు, ఆమె విగ్రహము పెద్దచెరువులో దొరకినదనియు స్థలపురాణము. రెండు గుళ్ల పేర్లలోనే ఒక భావము గర్భితమై యున్నది. వనము జనము లేని చోటు. చదురు జనము కొలువుండు చోటు. ఏటేట అమ్మవారిని వనము గుడి నుండి చదురు గుడికి తెచ్చు నుత్సవము జరుగును. దేవత తానే యడవి విడిచి ఊరిసభకు వచ్చును. ఊరు అనగా చదురున్న చోటు అను తలంపు ఇంతకన్న స్పష్టముగా మరియే కట్టడమును చెప్పలేదు.

విజయదశమి తరువాత వచ్చు మంగళవారమున సిరిమానోత్సవము జరుగును. అమ్మవారు కలలో కనబడి చూపినదని నమ్మబడు చింతమానును తెచ్చి, 50, 60 అడుగుల పొడవున చెక్కి, బండికమర్చి, దాని కొనయందలి పీఠముపై పూజారిని కూర్చుండబెట్టుదురు. చదురు గుడి నుండి కోటవరకు సిరిమాను మూడుమారులు వచ్చిపోవును. దాని ముందు పాలధార, తెల్లయేనుగు, అంజలిరథము, బెస్తవారి వల సాగును. రాజవంశీయులు కోటబురుజుపై నుండి చూతురు. బెస్తవారి వల ముందు నడచుట, రాజవంశము పైనుండి కనిపెట్టి చూచుట, నడుమ నగరజనులును చుట్టుపట్ల గ్రామములవారును కిక్కిరియుట: అగ్రహారపు అరుగు చేయలేని పనిని ఈ వీధి యా యొక్కదినమున చేయుచున్నది.

పురరచన దృష్టితో చూచిన ఈ యుత్సవమున మరియొక విశేషము కలదు. అంత పొడవైన మాను తిరుగవలెనన్న గుడియొద్దను, కోటయొద్దను విశాలమైన కూడలులుండవలెను. నడుమ వీధిమీదికి కట్టడములు పొడుచుకొని రాకూడదు. కొలతబద్దలు పట్టు ఉద్యోగులకన్న గట్టిగా సిరిమాను ఏటికొకమారు వీధిని కొలుచుచున్నది. వీధి యెంత వెడల్పుండవలెనో బండ్ల సంఖ్యనుబట్టి గాక జనసమ్మర్దమునుబట్టి నిర్ణయించు ఆచారమిది. ఆచారము చట్టముగా పనిచేయుచున్న యీ రాజమార్గము పురనిర్మాణశాస్త్రజ్ఞులు పరిశీలింపదగినది.

ఇట్టి బహిరంగస్థలములు కళలకును ఆటపట్టులైనవి. 1919లో విజయనగరమున సంగీత కళాశాల వెలసినది. ఆదిభట్ల నారాయణదాసు దానికి ప్రథమాధ్యక్షుడు. ద్వారము వెంకటస్వామినాయుడు ఫిడేలు ఆచార్యుడు. నారాయణదాసు చేత మహోన్నతస్థితి నందిన హరికథకు నాటకశాల యక్కరలేదు. వీధిలో పందిరి, నాలుగు చాపలు చాలును. రుసుము చెల్లింపని వాడును వినగలుగుట చేతనే సంగీతము సామాన్యుని చెవికి సోకినది. చదువురాని శ్రోతయు తాళము తప్పినచో తల త్రిప్పునట్టి యభిరుచి రచ్చలో పుట్టినదే గాని, గోడల నడుమ పుట్టినది కాదు.

పెద్దలు చిరకాలముగా నెరిగిన యీ సంగతులనే పాశ్చాత్య పరిశోధకులు లెక్కలతో నిరూపించిరి. 1970 ప్రాంతమున డోనాల్డ్ ఆపిల్‌యార్డ్ శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ఒకే తీరుగల మూడు వీధులను పోల్చి చూచెను. బండ్ల రాకపోకలు స్వల్పముగా నున్న వీధివారికి ఆ వీధిలోనే సగటున ముగ్గురు మిత్రులుండగా, బండ్లు ముమ్మరముగా పోవు వీధివారికి ఒక్కరును పూర్తిగా లేరు, సగటు 0.9 మాత్రమే. న్యూయార్కు నగరమందలి బహిరంగస్థలములను పరిశీలించిన విలియం వైట్ 1980లో ప్రకటించిన తన గ్రంథమున, కూర్చుండుటకు చోటున్న తావుననే జనులు కూర్చుందురని తేల్చెను. వినుటకిది నవ్వు పుట్టించునంత సులభమైన మాట. అయినను కోట్ల ధనము వెచ్చించి కట్టిన మైదానములు పెక్కింటి యందు కూర్చుండుటకు తిన్నె లేకపోవుట చేతనే యవి నిర్జనములై యుండెనని ఆతడు చూపెను. తెలుగువాని అరుగు ఆ తిన్నెయే.

నేడు ఈ మూడు తావులకును ఒత్తిడి కలుగుచున్నది. వీధిని వెడల్పు చేయునప్పుడు ముందుగా పోవునవి అరుగులు. కాలువమీదికి వచ్చినవని వానిని తొలగింతురు. క్రొత్తయిండ్లకు అరుగుకు మారుగా ప్రహరీగోడయు ఇనుపతలుపును వచ్చినవి. ముంగిట బండి నిలుచును గాని మనుజుడు కూర్చుండడు. కూడలి బండ్లు మలుపు తిరుగుటకే యున్నదను తలంపు ప్రబలినది. గట్టుచుట్టును కంచె వేసిన చెరువు శుభ్రముగా నుండవచ్చునేమో గాని అది రచ్చగా నుండదు. ఏటికొక దినము సిరిమానుకై వీధి నిండుట నిజమే. తక్కిన దినములలో పొరుగువాని పేరే యెరుగని జనము ఆ యొక్కనాడు కూడినను అది గుంపగును గాని సభ కాజాలదు. చదురు నిండుగా నుండవలెనన్న అరుగును రచ్చయు ప్రతిదినము నిండవలెను.

అయితే పాతదంతయు తిరిగి రావలెనని కోరుట వివేకము కాదు. పైయరుగు క్రిందియరుగుల భేదము పోవుట మేలే. నిలుపుకొనవలసినది అరుగు ఆకృతిని, అందలి ఉదారతను. విడువవలసినది దానికంటిన వివక్షను. కాలువను కప్పి వీధిని వెడల్పు చేయుచోట ఆ కప్పుమీదనే అందరును కూర్చుండదగిన తిన్నెలు కట్టవచ్చును. బహుళాంతస్తుల గృహముల క్రింద బండ్లకు విడిచిన చోటులో వీధివైపున పదియడుగులు మనుజులకు విడువవచ్చును. కూడలిని బాగుచేయునప్పుడు పాతగుర్తును కదల్పక దానిచుట్టును నీడ కల్పింపవచ్చును. చెరువుగట్టుకు కంచెకన్న మెట్లు, చెట్లు మేలు. వీనిలో నేదియు గొప్ప వ్యయముతో కూడినది కాదు. కావలసినది, వీధి బండ్లు పోవు దారియే గాక జనులు కూడు రచ్చ యని పదము తెలుపుచున్న యర్థమును పట్టణము కట్టువారు జ్ఞప్తియందుంచుకొనుట.