పిస్తోలు ఒర: పట్టు, మన్నిక

పోలీసు నడుముననున్న పిస్తోలును పెనుగులాటలో ఎదుటివాడు లాగుకొన్నచో, దానితోనే ఆ పోలీసును కాల్చగలడు. కనుక ఒర పరుల చేతికి లొంగరాదు. ధరించినవాని చేతికి మాత్రము వెంటనే లొంగవలెను.

ఈ పట్టును కొలుచుటకు అమెరికాలో బిల్ రోజర్స్ అను మాజీ ఎఫ్.బి.ఐ. ఉద్యోగి 1970 దశకములో ఒక పరీక్షను రూపొందించెను. ఒకరు పిడిని పట్టి అన్ని వైపులకు బలముగా గుంజుదురు. 5 సెకన్లు పిస్తోలు ఊడిరాకున్న ఒర మొదటి స్థాయి పొందును. ఒక గొళ్ళెము విడిపోయిన పిదపకూడ మరియొకటి అట్లే నిలిపినచో రెండవ స్థాయి.

అయితే ఈ స్థాయి క్రొత్త ఒరకు చెందినది. తోలు చెమటను పీల్చి, ఏండ్ల వాడుకలో మెత్తబడును. మెత్తబడిన అంచు లోపలికి మడతపడినచో, పిస్తోలును ఒరలోనికి నెట్టునపుడు ఆ మడతయే ట్రిగ్గరును నొక్కవచ్చును; గుండు ధరించినవాని తొడలోనికే దిగును. ప్లాస్టిక్ ఒర చెమటను పీల్చదు. కాని అధికమైన వేడికి దాని ఆకారము చెడును, కుదుపులకు మరలు వదులగును.

అందుచే గుండ్లు తీసివేసిన పిస్తోలుతో ఒరను తరచు పరీక్షింపవలెను. తలక్రిందులుగా ఊపినను పిస్తోలు జారరాదు. గొళ్ళెము ప్రతిసారియు పడవలెను. ట్రిగ్గరు పూర్తిగా కప్పబడవలెను. అంచు బిగువుగా నిలువవలెను. ఒర విషయములో మన్నిక వేరు, భద్రత వేరు కావు. మొదటిది తరిగిననాడే రెండవదియు తరుగును.