చేనికి ఏ బండి కావాలి?



పెనుకొండ దగ్గర ఎర్రమంచి అనే ఊరు ఉంది. అక్కడి కర్మాగారంలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. ఆ కార్లు తారు రోడ్డు మీద జోరుగా పోతాయి. మరి మన చేనిలోకి వస్తాయా? రావు. చేనికి వేరే బండి కావాలి. దిబ్బలోని ఎరువు తోలాలి. దుక్కి దున్నాలి. చెనక్కాయ కట్టె కల్లానికి చేర్చాలి. పెరట్లోకి గడ్డి, వంటచెరకు, నీళ్ల డ్రమ్ములు తేవాలి.

ఒకప్పుడు ఈ పనులన్నీ ఎద్దులు చేసేవి. ఇప్పుడు ఊళ్లలో కాడెద్దులు తగ్గిపోయాయి. అందుకే చాలా ఇళ్లలో ఒక మాట వినబడుతోంది. "మనమూ ఒక బండి కొందాం" అని.

కొనవచ్చు. కానీ ఏ బండి? ఎంత పెద్దది? అప్పు ఎలా తీరుతుంది? ఈ ప్రశ్నలు ఆడవాళ్లం కూడా అడగాలి. ఎందుకంటే కంతు కట్టలేకపోతే ముందుగా తాకట్టుకు పోయేది మన మెడలోని బంగారమే.

బండ్లలో రకాలు

ఇంజను బలాన్ని హార్స్ పవర్‌లో కొలుస్తారు. అంటే గుర్రపు బలం. ఈ అంకె పెరిగితే బలం పెరుగుతుంది. ధర పెరుగుతుంది. డీజిలు ఖర్చూ పెరుగుతుంది.

పవర్ టిల్లర్: దీనికి రెండు చక్రాలు ఉంటాయి. మనిషి వెనక నడుస్తూ, పిడి పట్టుకొని తోలాలి. చిన్న కయ్యలకు, తోటలకు పనికొస్తుంది. ధర తక్కువ. కానీ చేతులు బాగా అదురుతాయి. ఎక్కువసేపు తోలితే ఒళ్లు నొప్పులు పుడతాయి.

మినీ ట్రాక్టర్: దీని బలం సుమారు 15 నుంచి 25 హార్స్ పవర్ ఉంటుంది. వెడల్పు తక్కువ. సాళ్ల మధ్య నడుస్తుంది. చిన్న ట్రాలీ లాగుతుంది.

పెద్ద ట్రాక్టర్: మన వైపు ఎక్కువగా 35 నుంచి 50 హార్స్ పవర్ ట్రాక్టర్లు కనబడతాయి. గట్టి నేలను లోతుగా దున్నుతాయి. నిండు ట్రాలీని లాగుతాయి. కానీ ఇరుకు తోటలో తిరగలేవు.

సరుకుల ఆటో: ఇది దున్నదు. మూటలను మార్కెట్‌కు మాత్రం చేరుస్తుంది.

పని చూసి బండి

హిందూపురం వైపు మల్బరీ తోటలు ఉన్నాయి. పట్టుగూళ్లను హిందూపురం మార్కెట్‌లో అమ్ముతారు. మల్బరీ సాళ్ల మధ్య పెద్ద ట్రాక్టర్ పోతే కొమ్మలు విరుగుతాయి. అలాంటి చోట పవర్ టిల్లర్ గానీ, మినీ ట్రాక్టర్ గానీ మేలు. కొనడానికి పోయే ముందు ఒక తాడు తీసుకోండి. సాలుకూ సాలుకూ మధ్య ఎంత ఉందో కొలవండి. ఆ తాడు అంగడికి తీసుకుపోండి. బండి వెడల్పుతో సరిచూడండి. బండి అందులో ఇమడడమే కాదు, రెండు పక్కలా కొంత చోటు మిగలాలి.

ధర్మవరం వైపు ఎర్ర నేలల్లో చెనక్కాయ వేస్తారు. వాన మీదే ఆధారం. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. వాన పడ్డాక పదును కొద్ది రోజులే ఉంటుంది. ఆ రోజుల్లోనే విత్తాలి. ఊరందరికీ ట్రాక్టర్ ఒకేసారి కావాలి. తరువాత చాలా రోజులు ట్రాక్టర్‌కు పని ఉండదు. ఈ సంగతి గుర్తు పెట్టుకుంటేనే లెక్క సరిగా వస్తుంది.

సొంతమా? బాడుగా?

ఒక లెక్క వేద్దాం. ఇవి లెక్క నేర్చుకోవడానికి వేసుకున్న అంకెలు. మీ ఊరి ధరలతో మీరు మళ్లీ వేసుకోండి.

మీకు 5 ఎకరాలు ఉంది. ఏడాదికి 20 గంటల ట్రాక్టర్ పని ఉంది. గంటకు బాడుగ 1,000 రూపాయలు అనుకుందాం. అంటే ఏడాదికి బాడుగ 20,000 రూపాయలు.

ఇప్పుడు అప్పు చేసి ట్రాక్టర్ కొన్నారు. ఏడాదికి కంతు 1,00,000 రూపాయలు. గంట తోలితే డీజిలు, డ్రైవర్ కూలి, రిపేరు అన్నీ కలిపి 600 రూపాయలు పోతాయి. మిగిలేది 400. లక్షను 400తో భాగించండి. 250 వస్తుంది. అంటే ఏడాదికి 250 గంటలు బండి నడవాలి. మన చేనిలో పని 20 గంటలే. మిగిలిన 230 గంటలు ఇతరుల చేలలో బాడుగకు పోవాలి.

వానలు బాగా పడితే ఆ పని దొరకవచ్చు. వానలు రాకపోతే? పని ఆగుతుంది. కంతు ఆగదు. అప్పుడు బండినీ తీసుకుపోతారు. అంతవరకు కట్టిన డబ్బూ చేతికి రాదు.

మరి బాడుగ బండి అదనుకు దొరకకపోతే ఎలా? పదిమంది కలిసి ఒక బండి కొనుక్కోవచ్చు. పొదుపు సంఘంలో ఈ మాట చర్చించండి. వంతులు, లెక్కలు ఒక పుస్తకంలో రాయండి. ముందు ఎవరి చేనికి పోవాలో ముందే రాసుకోండి. అదను వచ్చాక తగవు రాకూడదు. యంత్రాలకు రాయితీ ఉందేమో మండల వ్యవసాయ అధికారిని అడగండి.

తోలి చూడండి

అంగడి మెరుపు చూసి మోసపోవద్దు. బండిని చేనిలో నడిపి చూపమని అడగండి. ట్యాంకు నిండా డీజిలు పోయించండి. ఒక ఎకరా దున్నించండి. మళ్లీ నిండుగా పోయించండి. రెండోసారి ఎన్ని లీటర్లు పట్టిందో అదే ఎకరా ఖర్చు. విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి? మెకానిక్ ఎంత దూరంలో ఉన్నాడు? ఇవీ అడగండి.

అనంతపురం దగ్గర గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి ఉంది. వ్యవసాయ యంత్రాలను పరీక్షిస్తుంది. వాటిని వాడడంలో రైతులకు శిక్షణ కూడా ఇస్తుంది.

బోల్తా పడకుండా

అమెరికాలో పొలాల్లో తిరగడానికి చిన్న బండ్లు ఉన్నాయి. మోటారు సైకిల్ మాదిరి పిడి ఉంటుంది. లావు టైర్లు ఉంటాయి. గుట్టలు, ఇసుక ఎక్కుతాయి. మొదట అవి మూడు చక్రాలతో వచ్చాయి. బోల్తా పడి చాలామంది చనిపోయారు, గాయపడ్డారు. 1988లో కొత్త మూడు చక్రాల బండ్ల అమ్మకం అక్కడ ఆగిపోయింది. నాలుగు చక్రాలవి నిలిచాయి. అవి కూడా ఏటవాలులో పల్టీ కొడతాయి. అందుకే ఆస్ట్రేలియాలో 2021 నుంచి అలాంటి కొత్త బండ్లకు మనిషిని కాపాడే పరికరం తప్పనిసరి చేశారు.

మనకు ఇందులో పాఠం ఉంది. గట్ల మీద, వంకల అంచున ట్రాక్టర్‌ను నిదానంగా తోలాలి. మడ్‌గార్డు మీద పిల్లలను కూర్చోబెట్టొద్దు. కూలికి పోయేటప్పుడు ట్రాలీలో ఎక్కొద్దు. ట్రాలీ సరుకు కోసమే. బోల్తా పడితే ప్రాణాలు పోతాయి. బీమా డబ్బూ రాకపోవచ్చు.

వేటకు వద్దు

అడవి పందులు చెనక్కాయ చేలను తవ్వి పాడుచేస్తాయి. "బండి ఉంటే రాత్రిపూట తరిమి వేటాడవచ్చు" అని కొందరు అంటారు. అది తప్పు. 1972 వన్యప్రాణుల రక్షణ చట్టం వేటను నిషేధించింది. దొరికితే జైలు, జరిమానా ఉంటాయి. బండినీ పట్టుకుంటారు. చేనికి కరెంటు తీగ కట్టడం ఇంకా ప్రమాదం. దానికి మన మనుషులే బలి అవుతారు. పంట నష్టపోతే అటవీ శాఖకు అర్జీ రాసి ఇవ్వండి. ఇప్పుడు మనకు రాయడం వచ్చు కదా!

సంతకానికి ముందు

పాత బండి కొంటే ఆర్‌సీ పుస్తకం చూడండి. అందులో ఎవరి పేరు ఉంది? ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవీ, ఆర్‌సీలో ఉన్నవీ ఒకటేనా? పాత అప్పు తీరిందా? బీమా ఉందా? తోలేవాళ్లకు లైసెన్సు ఉందా?

అప్పు కాగితం చదవండి. వడ్డీ ఎంత? ఎన్ని కంతులు? ఒక కంతు తప్పితే ఏం చేస్తారు? ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. ఒకప్పుడు చూపిన చోటల్లా వేలిముద్ర వేశాం. ఇప్పుడు చదివి, అర్థమైతేనే సంతకం చేద్దాం. వీలైతే బండిని మన పేరు మీదే రాయిద్దాం.

పని చూసి బండి కొనాలి. బండి కొని పని వెతుక్కోకూడదు.

ఆలోచించండి, చర్చించండి

1. పోయిన ఏడాది మీ చేనికి ఎన్ని గంటలు ట్రాక్టర్ పెట్టారు? బాడుగ ఎంత అయింది?
2. మీ ఊరిలో బండి కొని అప్పు తీర్చినవాళ్లు ఎవరు? ఎలా తీర్చారో వాళ్లను అడగండి.
3. పదిమంది కలిసి ఒక బండి కొంటే ఏ నియమాలు పెట్టుకోవాలి? పలక మీద రాయండి.