మన యిండ్లకు వచ్చు తెలుగు ప్రసారములు: హక్కులు, అనుమతులు

మధుర నాయకరాజుల కాలమునను, అంతకు ముందును దక్షిణమునకు వచ్చి స్థిరపడిన తెలుగువారి సంతతి నేటికిని మధుర, కోయంబత్తూరు ప్రాంతముల గ్రామములలో కలదు. ఇంట తెలుగు మాటలాడుదురు. అక్షరములు నేర్చినవారు తక్కువ. మా పాఠశాలకు వచ్చు బాలబాలికలలో పలువురికి, అవ్వనోట విన్న తెలుగు గాక వేఱొక తెలుగు చెవినిబడునది టెలివిజనులోనే. కావున ఆ పెట్టెలోనికి మన భాష యే నియమములకు లోబడి వచ్చుచున్నదో తెలిసికొనుట యావశ్యకము.

తొలుత నా తప్పు చెప్పుకొందును. కొన్నేండ్లక్రిందట నొక యుగాదికి, బజారున కొన్న తెలుగు చిత్రపు డిస్కును మా వీధి కేబులాయన కిచ్చి, ఊరంతయు చూచునట్లు వేయుమని కోరితిని. ఆయన వేసెను. అందఱును సంతోషించిరి. డిస్కు కొన్నవానికి ఇంట చూచుకొను హక్కే గాని, తీగెద్వారా ఇంటింటికి పంపు హక్కు రాదని నేనెఱుగను. కాపీరైటు గల కార్యక్రమమును దాని స్వామి యొద్ద లైసెన్సు పొందక ప్రసారము చేయరాదని 1994 నాటి కేబులు టెలివిజను నియమములలో 6వది శాసించుచున్నది. తెలిసి యుల్లంఘించిన వానికి 1957 నాటి కాపీరైటు చట్టము సాధారణముగా 6 మాసములు మొదలు 3 ఏండ్లవఱకు చెఱను, రూ. 50,000 మొదలు రూ. 2,00,000 వఱకు జరిమానాను విధించును.

పాతపాటలకు దోషము లేదుగదా యందురు కొందఱు. ఇచ్చట నొక భేదము కలదు. త్యాగరాజస్వామి సిద్ధిపొందిన 1847లోనే ఈ దేశమున మొదటి కాపీరైటు చట్టము వెలసినది; ఆయన కీర్తనలు నేడు ఎవరి సొత్తును గావు. కాని వానిని నేటి గాయకు డొకడు పాడిన రికార్డు వెలువడిన పిదప 60 ఏండ్లు దాని స్వామిదే. మా పిల్లలే పాడగా మేమే చిత్రించినచో, వారి తల్లిదండ్రుల సమ్మతి తప్ప వేఱు లైసెన్సు అక్కఱలేదు. పండుగలకు డిస్కుకంటె నిదియే మేలని నా యభిప్రాయము.

ఇక ఛానళ్ళ విషయము. వీధిలో తీగె లాగువాడు వేఱు. ప్రసారములను పోగుచేసి యాతనికి పంపు పెద్ద సంస్థ వేఱు. ఛానలువారితో ఒప్పందము చేసికొనునది ఈ సంస్థయే. ప్రసారసేవలు 2004లో ట్రాయి యధికారమునకు లోబడినవి. నిబంధనల ప్రకారము, సంస్థ కోరినచో ఛానలువారు పక్షపాతము లేక ప్రసారము నియ్యవలెను. 2019 ఫిబ్రవరి నుండి చందాదారుడు తనకు వలసిన ఛానలును విడిగా నెన్నుకొనవచ్చును. ఐనను ప్రతి ఛానలును కోరి తెచ్చుట సంస్థకు విధి కాదు. అడిగినవారు లేనిచో తెలుగు ఛానలును తేవలసిన పని వారికేమి? తమిళనాట తక్కువ వెలకు ప్రసారముల నందించుటకై 2007లో స్థాపింపబడి, 2011లో పునరుద్ధరింపబడిన ప్రభుత్వ సంస్థ అరసు కేబులునకును ఇట్లే విన్నవింపవచ్చును.

ఛానలు పేరు, చందాదారుని సంఖ్య, సంతకము గల కాగితము నిచ్చుట మేలు. నోటిమాట వీధి దాటదు. మా వీధిలో 14 ఇండ్లవారము అట్లు వ్రాసి యిచ్చితిమి. రెండు ఛానళ్ళు వచ్చినవి. మూడవదానికై కేబులాయన పైవారికి వ్రాసెను; ఇంకను రాలేదు.