ఇంటి చేపలతొట్టి: ఏ నీటికి ఏ చేప?

తిరుపతిలోను చిత్తూరులోను రంగుచేపల అంగడి ముందు పిల్లలు నిలిచి చూచుట మనమందరము ఎరిగినదే. గుండ్రని గాజుకూజాలో రెండు బంగారు చేపలను వేయించుకొని వారు ఇంటికి తెచ్చుకొందురు. రెండు వారములు తిరుగునప్పటికి అందొకటి వెల్లకిల తేలును. దాని ఆయువు తీరినదని పెద్దలు సరిపెట్టుదురు. నిజమునకు బంగారు చేప అనుకూలమైన చోట పదేండ్లకు పైగా బ్రతుకగలదు. లోపము చేపలో లేదు. మనము ఎన్నుకొన్న పాత్రలో ఉన్నది, ఆ పాత్రకు తగని ప్రాణిని తెచ్చుటలో ఉన్నది.

పాత్ర

నీటిలో కరగియున్న ఆమ్లజనిని చేప మొప్పలతో గ్రహించును. అది ముఖ్యముగా గాలి తగులు నీటి పైభాగము నుండి లోనికి చేరును. కావున తొట్టి లోతు కంటె దాని వెడల్పు ప్రధానము. 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు గల తొట్టిలో నీటి పైభాగము 1,800 చదరపు సెంటీమీటర్లు. అదే కొలతల తొట్టిని నిలువుగా నిలిపినచో నీరు అంతే పట్టును గాని పైభాగము 900కు తగ్గును. 12 సెంటీమీటర్ల వ్యాసము గల మూతి వరకు నింపిన కూజాలో అది సుమారు 113 మాత్రమే!

వేడి

నీరు వేడెక్కిన కొలది అందు ఆమ్లజని తక్కువగా కరగును. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు కరగియుండగా, 35 డిగ్రీల వద్ద 7 మిల్లీగ్రాములైనను ఉండదు. వేడికి చేప శరీరక్రియలు వేగిరపడుటచే దానికి ఆమ్లజని మరింత కావలసివచ్చును. రాబడి తగ్గిననాడే ఖర్చు పెరిగినట్లు! మే నెలలో మన ప్రాంతమున 40 డిగ్రీలు దాటు దినములు కలవు. చల్లని నీటిని కోరునదియు, జానెడు వరకు పెరుగునదియు అగు బంగారు చేప అట్టి దినములలో కూజాలో ఎట్లు నిలువగలదు?

నీరు

మన జిల్లాలలో అనేక బోరుబావుల నీరు కఠినజలము. సబ్బు నురుగు రాదు. కాచిన గిన్నె అడుగున తెల్లని పొర కట్టును. అమెజాన్ నదీప్రాంతపు మృదుజలములకు అలవాటుపడిన నియాన్ టెట్రా, డిస్కస్ వంటి చేపలకు ఇది సరిపడదు. గప్పీ, మోలీ చేపలు దీనిని చక్కగా ఓర్చుకొనును. పురపాలక సంఘపు కుళాయి నీరైనచో, అందలి క్లోరిన్ పోవుటకు ఒక దినము వెడల్పు పాత్రలో నిలువ ఉంచవలెను.

కంటికి కానరాని సేవకులు

చేపల విసర్జనము నుండియు, మిగిలిన మేత నుండియు అమోనియా పుట్టును. ఇది చేపలకు విషము. కొన్ని సూక్ష్మజీవులు దీనిని నైట్రైట్‌గాను, మరికొన్ని ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గాను మార్చును. ఇవి ఇసుకమీద, రాళ్లమీద నెలకొనుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. కనుక క్రొత్త తొట్టిలో ఒకేసారి చేపలను నింపరాదు. వారమునకు ఒకసారి నాలుగవ వంతు నీరు మార్చిన చాలును. మొత్తము నీరు పారబోసి ఇసుకను సబ్బుతో కడిగినచో ఆ సేవకులను మనమే చంపుకొన్నట్లు.

గరాటు ప్రయోగములో వాడు హైడ్రిల్లాను తొట్టిలో నాటవచ్చును. అది పగటివెలుతురులో ఆమ్లజనిని విడుచును గాని, రాత్రివేళ తానును ఆమ్లజనిని పీల్చును. చేపలు నోరు తెరచి నీటిపైకి వచ్చుచున్నవా అని తెల్లవారుజామున చూచినచో, తొట్టిలో జనాభా హెచ్చినదీ లేనిదీ తెలియును.

ఏ చేపలు?

ఉదయించువారికి జీబ్రా చేప మేలైనది. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ వర్ణించిన ఈ చారల చేప మన దేశపుదే. నాలుగైదు సెంటీమీటర్లకు మించి పెరుగదు. ఉష్ణోగ్రతలోని మార్పులను బాగుగా ఓర్చును. గుంపుగా తిరుగు స్వభావము గలది కనుక, పైన చెప్పిన 60 సెంటీమీటర్ల తొట్టిలో ఆరు నుండి ఎనిమిదింటిని కలిపి పెంచవలెను. ఎగిరి దూకును గావున మూత అవసరము. తలమీద వెండిచుక్కతో నీటిపైననే తిరుగు అప్లోకైలస్ చేప మన చెరువులలో, బావులలో దొరకును. దోమపిల్లలను అది తినుట విద్యార్థులకు చూపదగినది. కాని చిన్న చేపపిల్లలను గూడ అది విడువదు.

ఎఱ్ఱగా మెరయు కొర్రమీను పిల్లలను చూచి మోసపోరాదు. అవి పెరిగి తోటి చేపలను మ్రింగును. గాజుకు పట్టిన పాచిని తినునని అమ్మెడి దక్షిణ అమెరికా మార్జాల మత్స్యము మరింత ప్రమాదకరము. వ్రేలెడు పిల్లగా వచ్చి 30 సెంటీమీటర్లకు మించి పెరుగును. తొట్టి చాలక కొందరు దీనిని చెరువులలో వదలుటచే ఆంధ్రప్రదేశ్ జలాశయములలో ఇది వ్యాపించినది. జాలరులు దీనిని 'దెయ్యం చేప' అందురు. దీని ముళ్లకు వలలు చిరుగును, స్థానిక చేపల మేతకు ఇది పోటీ వచ్చును. పెంచలేని చేపను అంగడికి తిరిగి ఇయ్యవలెను గాని స్వర్ణముఖిలోనో ఊరిచెరువులోనో వదలరాదు.

పాఠశాలలో తొట్టి పెట్టదలచిన ఉపాధ్యాయులు మొదట చేపలను గాక ఉష్ణమాపకమును కొనవలెను. విద్యార్థులచే నెలదినములు నీటి ఉష్ణోగ్రతను ఉదయము, మధ్యాహ్నము వ్రాయించవలెను. ఆ పట్టికను చూచిన పిమ్మట ఏ చేపను తేవలెనో వారే చెప్పగలరు.