ఊరికొచ్చినా యూనిట్‌లోనే మనసు

మెడ నిండా బంతిపూల దండలు, ముందు డప్పులు, పూలతో అలంకరించిన జీపు మీద మూడు రంగుల జెండా. సైన్యంలో సర్వీసు ముగించుకుని వచ్చే జవానుకు ఊరంతా ఎదురెళ్లడం ఈమధ్య తెలుగు పల్లెల్లో ఆనవాయితీ అవుతోంది. బడిపిల్లలు జైహింద్ అంటారు, పెద్దలు శాలువా కప్పుతారు. ఆ రోజు చూడముచ్చటగా ఉంటుంది. కష్టమంతా మర్నాటి నుంచే.

తెల్లవారుజామున నాలుగున్నరకు అలారం లేకుండానే మెలకువ వస్తుంది. దుప్పటి అంచులు కలిపి మడత పెడతాడు, గడ్డం గీసుకుంటాడు, బూట్లు తుడుచుకుంటాడు. అయిదున్నరకల్లా తయారు. ఇక ఎక్కడికి వెళ్లాలి? వరసలో నిలబడే ఫాలిన్ లేదు, పీటీ లేదు, పేరు పిలిచే ఉస్తాద్ లేడు. ఇల్లంతా ఇంకా నిద్రలోనే ఉంది.

రిటైరయ్యాడంటే మన కళ్ల ముందు అరవై ఏళ్ల మనిషి మెదులుతాడు. సైన్యంలో లెక్క వేరు. సిపాయికి కనీసం 15 ఏళ్ల సర్వీసుంటే పింఛను వస్తుంది. ఇరవై ఏళ్ల లోపే చేరినవాళ్లలో చాలామంది నలభై దాటకముందే ఇంటికొచ్చేస్తారు. త్రివిధ దళాల నుంచి ఏటా 50 వేల మందికి పైగా ఇలా బయటికి వస్తున్నారు. సేన ఎప్పుడూ పడుచుగా ఉండాలి కాబట్టి ఈ పద్ధతి తప్పదు. అయితే అప్పటికి పిల్లలు హైస్కూల్లో ఉంటారు, ఇంటి లోను సగమే తీరి ఉంటుంది. తోటివాళ్లు ఉద్యోగంలో నిలదొక్కుకునే వయసులో ఇతని పేరు ముందు ‘మాజీ’ చేరుతుంది.

ఇంతకీ వాళ్లకు బెంగ దేని మీద? తుపాకి మీద కాదు. నిజంగా కాల్పులు చూసినవాళ్లు వాటి గురించి చాలా తక్కువ మాట్లాడతారు. వాళ్ల మాటల్లో పదేపదే వచ్చేవి చిన్న చిన్న సంగతులు: లద్దాఖ్ చలిలో గుడారం మధ్య కిరోసిన్ బుఖారీ, దాని చుట్టూ చాపిన చేతులు, మగ్గు నిండా చాయ్, అది చల్లారేలోపు తాగేయాలన్న తొందర. పండగ రోజు బడాఖానాలో కమాండింగ్ ఆఫీసరు దగ్గర్నుంచి వంటవాడి దాకా కలిసి తినడం. ఈఎంఈ (మరమ్మతుల విభాగం), సిగ్నల్స్ లాంటి, అన్ని ప్రాంతాలవాళ్లూ ఉండే విభాగాల్లోనైతే పక్క మంచం గఢ్వాలీది, ఎదుటి మంచం మణిపురీది. అమ్మకు ఒంట్లో బాగాలేదని ఇంటి నుంచి కబురొస్తే, సెలవు చీటీ చేతికొచ్చేలోపే బ్యాగు సర్దిపెట్టేది ఆ పక్క మంచం మనిషే.

ఈ ముచ్చట్లను ఇంట్లోవాళ్లు రెండుసార్లు వింటారు. పదోసారికి లేచిపోతారు. మిలట్రీ బాబాయి మళ్లీ గొప్పలు మొదలెట్టాడని అరుగు మీద నవ్వుకుంటారు. అవి గొప్పలు కావు. రోల్‌కాల్‌లో ఒక్క మనిషి తగ్గితే అయిదు నిమిషాల్లో తెలిసిపోయే చోటు నుంచి, వారం రోజులు గడప దాటకపోయినా ఎవరూ అడగని చోటుకి వచ్చాడతను. పింఛను పుస్తకంలో దీనికి పద్దు లేదు. మాజీ సైనికుల సమస్యంటే డబ్బు సమస్యేనని ప్రభుత్వాలు, ఊళ్లు కూడా అనుకోవడమే పెద్ద పొరపాటు.

డబ్బు సంగతి చిన్నదని కాదు. ఒకే హోదా, ఒకే సర్వీసుకు ఒకే పింఛను కోసం 2015 వేసవిలో వృద్ధ సైనికులు ఢిల్లీ జంతర్‌మంతర్ దగ్గర పతకాలు ధరించి కూర్చున్నారు. అదే ఏడాది సెప్టెంబరు 5న కేంద్రం ఒప్పుకుంది. 2014 జులై 1 నుంచి వర్తింపజేసింది. అమలులో లోటుపాట్లు చూడటానికి వేసిన ఏకసభ్య కమిటీ బాధ్యత మన తెలుగువారైన జస్టిస్ ఎల్.నరసింహారెడ్డికి అప్పగించారు. ఆ పోరాటంలో రూపాయి ఎంత ముఖ్యమో, మమ్మల్ని మరిచిపోవద్దన్న మాటా అంతే ముఖ్యం.

అలా మరిచిపోని ఊరు, సైన్యమే ఇంటిపేరైన ఊరు పశ్చిమగోదావరిలో ఉంది. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని చుట్టుపక్కల అందరూ మిలటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండో దానికి 1,110 మంది వెళ్లారని ఊరివాళ్లు గర్వంగా చెబుతారు. అక్కడ యుద్ధ స్మారకం ఉంది, తరాల తరబడి సైన్యానికి మనుషుల్ని పంపిన ఇళ్లున్నాయి. ఇలాంటి ఊళ్లో సర్వీసు ముగించుకుని వచ్చినవాడు ఒంటరి కాడు. సూబేదారు గారి మాట వినే మరో సూబేదారు గారు పక్క వీధిలోనే దొరుకుతాడు. బారకు అంటే ఏమిటో, పోస్టింగంటే ఏమిటో విడమరిచి చెప్పాల్సిన పని లేదు. మిగతా ఊళ్లకు ఆ భాగ్యం లేదు.

ఆ ఊళ్లలో మాజీ సైనికుడు ఒక్కడే. నల్లటి ట్రంకు పెట్టె మీద తెల్ల పెయింటుతో రాసిన నంబరు, హోదా, పేరు, యూనిట్ ఇంకా చెరగలేదు. ఇప్పుడు అందులో చలికాలం రగ్గులు పెడుతున్నారు. పదింటికి రమ్మన్న గ్రామసభ పదకొండున్నరకు మొదలైతే అతనికి తల కొట్టేసినట్టవుతుంది. తహసీల్దారు ఆఫీసులో క్యూ తప్పించి వెళ్లేవాళ్లని చూస్తే గొంతు లేస్తుంది. మాజీ సైనికులకిచ్చిన అసైన్డ్ భూమిని పదేళ్ల తర్వాత అమ్ముకోవచ్చని నిబంధన ఉన్నా, నిషేధిత జాబితాలోంచి సర్వే నంబరు తీయించుకోవడానికి చెప్పులరిగేలా తిరగాలి. ఆజ్ఞ వచ్చిందంటే పని అయినట్టేనని పదిహేడేళ్లు నమ్మిన మనిషికి, సంతకం పడిన కాయితం కూడా టేబుల్ దాటదని తెలుసుకోవడం చిన్న దెబ్బ కాదు.

ఉద్యోగాలకు కోటాలున్నాయి. ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో క్లర్కు పోస్టుల్లో 14.5 శాతం, సబ్‌స్టాఫ్‌లో 24.5 శాతం మాజీ సైనికులకే. క్లర్కు పోస్టుకు పరీక్ష రాయాలి. ఇరవై రెండేళ్ల కుర్రాళ్ల పక్కన కూర్చుని రీజనింగ్ లెక్కలు చేయాలి. రాసి గెలిచినవాళ్లు ఎందరో ఉన్నారు, వాళ్లకు దండం పెట్టాలి. మిగిలినవాళ్లకు సులువుగా దొరికేది సెక్యూరిటీ యూనిఫాం. రాడార్ రిపేరు చేసిన చేతులు అపార్ట్‌మెంట్ గేటు తీస్తున్నాయి. పనిలో నామోషీ లేదు. ఆ నైపుణ్యం వృథా కావడమే బాధ.

ఇంట్లో సర్దుబాటు గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఇన్నేళ్లూ కరెంటు బిల్లు నుంచి అత్తగారి ఆపరేషన్ దాకా అన్నీ ఒంటిచేత్తో నెట్టుకొచ్చింది భార్య. ఏ దుకాణంలో అప్పు పుడుతుందో, ఏ మాస్టారు బాగా చెబుతాడో ఆమెకే తెలుసు. ఏడాదికి రెండు మూడు నెలల సెలవులో చుట్టంలా వచ్చిన మనిషి ఇప్పుడు శాశ్వతంగా దిగి, గిన్నెలు ఇలా ఎందుకు బోర్లించారని అడుగుతాడు. నాన్నతో ఫోన్లో గలగలలాడిన పిల్లలు ఎదురుగా ఉంటే మాట వెతుక్కుంటారు. ఈ ఇళ్లు నిలబడ్డాయంటే ఎక్కువసార్లు సర్దుకున్నది ఆడవాళ్లే. ఏ సన్మాన సభలోనూ వాళ్లను వేదిక ఎక్కించరు.

మాజీ సైనికులు మళ్లీ పాత మనుషులయ్యే చోట్లు రెండున్నాయి: మిలటరీ క్యాంటీన్, వాళ్ల వైద్యం చూసే ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్. బీపీ మాత్రల కోసం వచ్చిన ముసలి హవల్దారు బెంచీ మీద పక్కవాడి యూనిట్ అడుగుతాడు. ఇద్దరూ ఒకే ఏడాది పఠాన్‌కోట్‌లో ఉన్నారని తేలితే టోకెన్ నంబరు పిలిచినా వినపడదు. నవంబరులో పింఛను కోసం జీవన ప్రమాణ పత్రం ఇచ్చే వేళ కుర్ర మాజీలు పెద్దవాళ్ల ఫోన్లు పట్టుకుని ‘స్పర్శ్’ పింఛను పోర్టల్‌లో వివరాలు నింపిపెడతారు. ఏటా జనవరి 14న, 1953లో ఫీల్డ్‌మార్షల్ కరియప్ప పదవీ విరమణ చేసిన రోజున, మాజీ సైనికుల దినోత్సవం జరుగుతుంది. మనకది సంక్రాంతి పండగల సందడిలో కలిసిపోతుంది. ఊళ్లో ముగ్గుల పోటీకి పెట్టిన మైకులోనే వాళ్లనూ ఓసారి పిలవడానికి ఖర్చేమీ కాదు.

ముందుంది కొత్త వరస. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ నియామక పథకం కింద చేరినవాళ్లు నాలుగేళ్లకే బయటికొస్తారు. సైన్యం మొదటి బ్యాచ్ 2023 జనవరిలో శిక్షణ మొదలుపెట్టింది, అంటే 2026 చివరికి గడువు నిండుతుంది. ఆ నిబంధనల ప్రకారం శాశ్వత సర్వీసులోకి తీసుకునేది 25 శాతం వరకే. మిగతావాళ్లకు సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధి ఇస్తారు. పింఛను లేదు, మాజీ సైనికుడన్న హోదా లేదు. క్యాంటీన్ కార్డు, పాలీక్లినిక్ బెంచీ వాళ్లవి కావు. తెల్లారకముందే శ్రీకాకుళం రోడ్ల మీద పరుగు ప్రాక్టీసు చేసి ఎంపికైన కుర్రాడు పాతికేళ్లు నిండకుండానే తిరిగొస్తాడు. నాలుగున్నరకు అతనికీ మెలకువ వస్తుంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అతని పేరు ఏ రిజిస్టరులో రాస్తారో అధికారులు ఇప్పుడే తేల్చాలి. పక్క వీధి సూబేదారు గారు మాత్రం ఆ తీర్పు కోసం ఆగకుండా అతని తలుపు తట్టవచ్చు.