చలిలో అయస్కాంత పరీక్ష

పాఠశాలలో మన మెరిగిన అయస్కాంతము ఇనుపరజను నాకర్షించు గుఱ్ఱపునాడా. అది మంచిదో కాదో తెలిసికొనుటకు మేకు నొకదానిని దగ్గరకు తెచ్చిన చాలును. జెనీవా నగర సమీపమున భూగర్భములో, 27 కిలోమీటర్ల వలయాకారపు సొరంగమున ప్రోటానులను త్రిప్పుటకై సెర్న్ సంస్థ నిర్మించిన యంత్రములో అంత సులువు కాలేదు. ప్రోటానుల మార్గమును వంచు అయస్కాంతములే అందు 1,232. ఒక్కొక్కటి 15 మీటర్ల పొడవు, సుమారు 35 టన్నుల బరువు. సొరంగములోనికి దించుటకు ముందు ప్రతిదానికిని దినములతరబడి పరీక్ష జరిగినది.

1911 లో హాలెండులోని లైడెన్ నగరమున కామర్లింగ్ ఆన్స్ పాదరసమును 4.2 కెల్వినుల వరకు చల్లార్చి చూడగా దాని విద్యున్నిరోధము హఠాత్తుగా మాయమయ్యెను. అదియే అతివాహకత్వము. నిరోధము లేనిచోట వేడి పుట్టదు. కనుక సన్నని తీగలోనే బ్రహ్మాండమైన ప్రవాహమును పంపవచ్చును. జెనీవా అయస్కాంతముల తీగలలో నియోబియము-టైటానియము మిశ్రలోహ మున్నది. ద్రవహీలియముతో 1.9 కెల్వినులకు, అనగా సున్నకు దిగువ 271 సెంటీగ్రేడు డిగ్రీలకు చల్లార్చి, ఇంచుమించు 11,850 ఆంపియర్లు పంపినచో 8.33 టెస్లాల క్షేత్ర మేర్పడును. ఇది భూమి క్షేత్రమునకు లక్ష రెట్లకు మించినది.

చిక్కంతయు ఇక్కడనే. ఆ క్షేత్రము తన్ను పుట్టించిన తీగలనే ప్రక్కలకు నెట్టును. మీటరు పొడవునకు ఆ త్రోపు 400 టన్నుల బరువంత. ఉక్కు పట్టీలు ఎంత బిగించి పట్టినను, ఎక్కడో ఒక తీగ వెండ్రుకలో పదవవంతు జరుగును. ఆ ఒరపిడికి పుట్టు వేడి అత్యల్పము. అయినను అంతటి చలిలో లోహమునకు వేడిని ఇముడ్చుకొను శక్తి మామూలుకంటె వేలరెట్లు తక్కువ గనుక, ఆ చోట అతివాహకత్వము నశించును. నిరోధము తిరిగి వచ్చి, వేడి ప్రక్కలకు ప్రాకును. దీనినే క్వెంచ్ అందురు.

అయస్కాంతములో అప్పుడు నిలువయున్న శక్తి 70 లక్షల జౌళ్లు. 35 టన్నుల ఆ అయస్కాంతమునే 20 మీటర్ల ఎత్తునకు లేపుటకు చాలినంత! అది యంతయు ఒక్కచోట పడినచో తీగ కరగిపోవును. దీనికి కనిపెట్టిన ఉపాయము విచిత్రమైనది. క్వెంచ్ జాడ తెలిసిన వెంటనే, చుట్లను ఆనుకొనియున్న తాపకములను వెలిగించి మిగిలిన తీగనంతటిని గూడ వేడెక్కింతురు. నష్టమును అందరికిని పంచుట యన్నమాట. ఈ రక్షణవ్యవస్థకు కావలసిన విద్యుత్పరికరములలో కొన్ని హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. లో తయారైనవి.

పరీక్షాశాలలో 12 వేదికలుండెను. భారత అణుశక్తిశాఖ ఇంజనీర్లు బృందములుగా వెళ్లి అక్కడ పనిచేసిరి. ప్రవాహమును మెల్లగా పెంచుదురు, క్వెంచ్ అగును, గంటలకొలది మరల చల్లార్చి మరల పెంచుదురు. ఈసారి అయస్కాంతము మునుపటికంటె పైమెట్టు నెక్కును. దీనికి వారు పెట్టిన పేరు శిక్షణ. క్రొత్తగా అల్లిన నులకమంచము మొదటి కూర్చుండుటకు కిఱ్ఱుమని సర్దుకొనుట వంటిదే. పోలిక అంతవరకే, నులక వదులగును, తీగ స్థిరపడును. కొన్ని అయస్కాంతములు తొలిసారియే గమ్యము చేరినవి, కొన్ని మొండివి.

2007 తొలినెలలలో పరీక్షలు ముగిసినవి. 2008 సెప్టెంబరు 19 న, సొరంగములో ఒక భాగమున ప్రవాహము 8,700 ఆంపియర్లకు చేరగా, రెండు అయస్కాంతముల నడుమనున్న అతుకు విడిపోయి విద్యుజ్జ్వాల లేచెను. హీలియపు పాత్రకు రంధ్రము పడి సుమారు 6 టన్నుల హీలియము వెలికి చిమ్మెను. 53 అయస్కాంతములను పైకి తీయవలసి వచ్చినది. ప్రోటానులు మరల తిరిగినది 2009 నవంబరులో.

ఇందులకు పరీక్షాశాలను నిందించుట న్యాయము కాదు. అక్కడ పరీక్షించినది ఒక్కొక్క అయస్కాంతమును. ఆ అతుకు పెట్టినది తరువాత, సొరంగములో. 2013-15 సంవత్సరముల నడుమ యంత్రము నాపి, అట్టి అతుకులను పదివేలకు పైగా బలపరచిరి.

మరియొక చిక్కు శిక్షణలోనే యున్నది. పరీక్షావేదికపై నేర్చిన పాఠమును కొన్ని అయస్కాంతములు సొరంగములో మరచినవి. వాటికి అక్కడనే మరల శిక్షణ నీయవలసి వచ్చినది. ప్రోటానునకు 7 టెరా ఎలక్ట్రాను వోల్టుల శక్తి నీయవలెనని నిర్మించిన యంత్రము 2015 లో 6.5 వద్ద, 2022 లో 6.8 వద్ద పనిచేసినది.